ముప్పై నాలుగో పలకలో తేడా

నమోదు 1. నీళ్ల వంతు రోజు

ముప్పై నాలుగో పలక వచ్చేసింది. జనం చేతికి కాదు, ఇంకా నా బల్ల మీదికే. పాత పలక ఇచ్చేసి కొత్తది తీసుకునే మార్పిడి పండుగకు ముందు ప్రతి ఏడూ ఒక నమూనా మా తేడా విభాగానికి వస్తుంది. దాన్ని పోయిన ఏటి పలక పక్కన పెట్టి చూసి, రెండింటి మధ్య మనిషికి తెలిసే తేడా ఒకటైనా ఉందని నేను సంతకం చెయ్యాలి. సంతకం పడకపోతే ఆ ఏడు మార్పిడి ఉండదని నిబంధన. పడకపోవడం మాత్రం ఇంతవరకూ జరగలేదు. సంతకం చేసేది నేనే కదా మరి.

నేను కాంతి శాస్త్రంలో పరిశోధన చేసి పట్టా పుచ్చుకున్నదాన్ని. పలక మూలలు గుండ్రంగా చేసిన ఏడు "చేతికి హాయి" అని రాశాను. మరుసటి ఏడు మూలలకు మళ్లీ పదును పెట్టారు. "చేతికి పట్టు" అని రాశాను. ఇంకో ఏడు తెరలోని నలుపును మరింత నల్లగా చేశామన్నారు. నలుపు ఇంకా నల్లబడటమేమిటని అన్నం సయించక ఆలోచించి, చివరికి "గాఢత" అనే మాట దొరికాక ఊపిరి పీల్చుకున్నాను.

ఇదంతా కాగితం మీద రాస్తున్నాను. పలక మీద రాస్తే, "మీ వాక్యంలో అసంతృప్తి కనిపిస్తోంది, మెత్తబరచమంటారా?" అని అడుగుతుంది. ముప్పై ఒకటో పలకతో వచ్చిన సౌకర్యం అది. దాని కిందా నా సంతకమే ఉంది.

కింద పంపు దగ్గర గొడవ వినిపించి బాల్కనీలోకి వెళ్లాను. మా వదిన, నూకరత్నం. మా అన్నయ్య భార్య. అన్నయ్య పోయాక ఈ మెట్టపేట వాడలో, మూడో అంతస్తులో మేమిద్దరమే ఉంటున్నాం. పల్లపు ఊరిని సముద్రం తీసుకోకముందు రేవులో చేపల వేలంపాట వదినదే. ఆవిడ పాట ఎత్తుకుంటే ఇంకా ఒడ్డుకు చేరని పడవల్లోంచి కూడా బేరం పలికేవాళ్లు. తరవాత గొంతులో పుండు లేచి, డాక్టర్లు గొంతునే తీసేశారు. ఇప్పుడు ఆవిడ పెదవులు కదుపుతుంది, మెడలో వేలాడే పలక మాట్లాడుతుంది.

"ఏవండీ వరహాలరావుగారూ, తమరి బిందె నిండి ఇందాకే పొర్లిపోయింది. ఇంకా పంపు కింద ఉంచి దానికి స్నానం చేయిస్తన్నారా?"

వరహాలరావుగారు మా వాడ సంఘానికి అధ్యక్షుడు. పలక చూపిస్తేనే తెరుచుకునే పంపును ఆయన తన సొంత ఆస్తిలా చూసుకుంటారు.

"నూకరత్నంగారూ, ఆ పలకని కాస్త నోరు తగ్గించమనండి."

"నోరు పలకది కాదు బాబూ, నాది. అది మోస్తాదంతే."

జనం నవ్వారు. వదినది ఇరవై రెండో పలక. అందరూ ఏటేటా మార్చుకున్నా ఆవిడ మార్చలేదు. గొంతు లేనివాళ్లకు మినహాయింపు ఉంది. ఆ పలక ఇన్నేళ్లూ ఆవిడ పెదవులనీ, ఊపిరినీ, కనుబొమల విరుపునీ చూసి చూసి నేర్చుకుంది. ఆ నేర్పు దాని లోపలే ఉంటుంది. ఇంకో పలకలోకి ఒంపుకోవడం కుదరదు.


నమోదు 2. ఆఫీసు

మా విభాగాధిపతి చక్రధర్‌గారు నాకంటే చిన్నవారు. ఏ మాటకైనా ముందు నవ్వేసి, తరవాత చెబుతారు.

"మేడమ్, ఈ ఏడు మీకు శ్రమే లేదు. తేడా ఏమిటో తయారీవాళ్లే చెప్పేశారు. మాట సాయం! గొంతు లేనివాళ్లు పెదవి కదిపితే చాలు, పలకే మాట్లాడుతుంది."

"అది ఇరవై రెండో పలకలోనే ఉంది కదండీ."

"ఉంది. ఇరవై మూడులో తీసేశాం."

"ఎందుకు తీశాం?"

"ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ పెట్టొచ్చు కదా అని." నవ్వారు. ఆయన వేళాకోళమాడారో, నిజమే చెప్పారో నాకు తెలియలేదు. ఆయనకైనా తెలుసా అని అనుమానం.

నేను లేవబోతుంటే, "అన్నట్టు, ఇంకో శుభవార్త," అన్నారు. మాట సాయం అందరి పలకల్లోకీ వచ్చేసింది కాబట్టి గొంతు మినహాయింపు ఎత్తేస్తున్నారట. వదిన కూడా మార్పిడి రోజున ఇరవై రెండో పలకను పాతవాటి గోతాంలో పడేసి కొత్తది తీసుకోవాలి. పడెయ్యనివాళ్ల ఇంటి తలుపు, లిఫ్టు, పంపు ఏవీ తెరుచుకోవు.

"వదినగారికి స్వీటు తినిపించండి మేడమ్," అన్నారు చక్రధర్‌గారు. ఈ మాటలో వేళాకోళం లేదు. అందుకే ఒళ్లు మండింది.


నమోదు 3. ఇంట్లో, వంట అయ్యాక

నమూనాను ఇంటికి తెచ్చాను. పాతదాన్ని పక్కన పెట్టించి, కొత్తదాన్ని వదిన మెడలో వేశాను. నిజం చెప్పాలంటే, బాగుంటుందేమోనన్న ఆశ నాకే ఎక్కడో ఉంది. పన్నెండేళ్ల తరవాతి పలక కదా, మరింత బాగా పలుకుతుందేమో అనుకున్నాను. ఇన్నేళ్లుగా ఈ ఉద్యోగంలో ఉండి కూడా ఆ ఆశ చావలేదు చూడండి.

వదిన పెదవులు కదిపింది. నాకు పెదవులు చదవడం కొంత వచ్చు. "ఈ ముదనష్టపు పలకని నా మెడకెవడు తగిలించాడే?" అంది.

"ఈ అందమైన పలకను నాకు బహూకరించినవారికి ధన్యవాదాలు," అంది పలక.

లిఫ్టులో అంతస్తుల పేర్లు చెప్పే అమ్మాయి గొంతు. వదిన ఎవరొచ్చారా అని గుమ్మం వైపు చూసింది.

"నేనలా అన్లేదు," అన్నాయి పెదవులు.

"నేను అదే అన్నాను," అంది పలక.

వదిన కళ్లు చిన్నవయ్యాయి. కుర్చీలో నిటారుగా కూర్చుని, చెయ్యెత్తి, నేను చిన్నప్పటినుంచీ ఎరిగిన ఆ పాట ఎత్తుకుంది. పండుగప్ప, బుట్టెడు పండుగప్ప, వేటకెళ్లినోడి పేరు చెప్పి, కొనేవాణ్ణి పేరు పెట్టి పిలిచి, మీసం చూసి వెక్కిరించి, ఒక్కో రూపాయీ పైకి లాగే పాట. చెయ్యి గాలిలో ఊగుతోంది. పలక అంతా విన్నది. కాసేపు ఆలోచించింది.

"చేపలు అందుబాటులో ఉన్నాయి," అంది.

నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది. వదిన దాన్ని మెడలోంచి లాగి బల్లమీద పెట్టి, తన పాతదాన్ని వేసుకుంది.

"ఇందూ, ఇదట్టుకెళ్లి మీ చక్రధరం మెడలో కట్టు. ఆడికి సరిపోద్ది." కొత్తదాన్ని నా వైపు తోసి, "మొదటిసారి పుండు లేచిందని గొంతు తీశారు. సరే, ఊరుకున్నాను. ఇప్పుడేం లేచిందని తీస్తన్నారే?" అంది.

"సంతకం నాది వదినా. నేను చెయ్యను," అన్నాను.

"నువ్వా?" అంది. ఆ ఒక్క మాటనీ ఇరవై రెండో పలక ఎంత బాగా పలికిందో రాయడానికి చెయ్యి రావడం లేదు.


నమోదు 4

తేడా ఉంది కానీ చెడు వైపుకి ఉందని రాసిచ్చాను. చక్రధర్‌గారు జాలిగా చూశారు. "తేడా ఉందా అనే కదా మేడమ్ మనల్ని అడిగారు. ఎటువైపని అడగలేదుగా."

అయితే నాకు అనుమానంగా ఉంది, వాడ విచారణ పెట్టండి అన్నాను. పరీక్షించే అధికారికి అనుమానం కలిగితే వాడ జనాన్ని పిలిచి, రెండు పలకలూ చేతికిచ్చి, తేడా తెలిసిందో లేదో అడగాలి. పాత నిబంధన. ఎవరూ వాడలేదు. మా విభాగంలో అనుమానం కలిగేవాళ్లు ఉంటారని ఎవరూ అనుకోలేదు కాబోలు.

నా పథకం ఇది. రెండూ పోయిన ఏటి పలకలే పెడతాను. ఒకదానికి మాత్రం నమూనా నుంచి తీసిన ముప్పై నాలుగు తొడుగు వేస్తాను. వీళ్లు ఎలాగూ తేడా ఉందంటారు. అప్పుడు తొడుగు విప్పి చూపిస్తాను. వీళ్ల "ఆహా"లకు విలువ లేదని అందరి ముందూ తేలిపోతుంది. సంతకం ఆగిపోతుంది. వదిన గొంతు వదినకు ఉంటుంది.

"ఆహా" గురించి రాయాలి. మార్పిడి రోజున కొత్త పలక అందుకున్న ప్రతివాళ్లూ వేదికెక్కి, పైకెత్తి పట్టుకుని "ఆహా" అని, తమకు తెలిసిన తేడా ఒకటి చెప్పాలి. ముందువాళ్లు చెప్పింది మళ్లీ చెప్పకూడదు. ఒకప్పుడు ఇది ఆచారం కాదు. అయిదో పలక వచ్చిన ఏడు అది ఉప్పెనను ముందే పసిగట్టింది. పల్లపు ఊళ్లోంచి మేమంతా ప్రాణాలతో ఈ మెట్టమీదికి ఎక్కామంటే దాని చలవే. ఆ ఏడు మా అమ్మ పలకను గుండెకు హత్తుకుని ఆహా అంది. ఎవరూ అనమనలేదు. ఇప్పుడు అదే ఆహాను, తెరలో నలుపు నల్లబడిందని అంటున్నాం. అన్నామన్న సిగ్గు కూడా లేదు.

ఇంకో సంగతి. రెండు పలకలకీ తొడుగులు నేనే వేశాను. రెండూ పోయిన ఏటివేనని నాకు తెలుసు. అయినా బల్లమీద పక్కపక్కన పెట్టి చూస్తే కొత్త తొడుగు ఉన్నదాని తెర కాస్త వెచ్చని తెలుపులా అనిపించింది. కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాను. అలాగే ఉంది. కొలిచే పరికరం పెట్టాక గానీ నా కళ్లను నేను నమ్మడం మానలేదు.


నమోదు 5. వాడ సంఘం హాలు

జనం బాగానే వచ్చారు. టీ ఇస్తామన్నారు మరి. ముందు వరుసలో వరహాలరావుగారు, పక్కన మా ఎదురింటి కాంతంగారు. కాంతంగారు ఎవరింట్లో ఏ కొత్త వస్తువు దిగినా దాన్ని ముట్టుకోకుండా నిద్రపోలేని మనిషి. వెనక బల్లమీద వదిన చేతులు కట్టుకుని కూర్చుంది.

కాంతంగారు తొడుగు మార్చిన పాత పలకను అరచేతిలో పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. "అబ్బ! ముట్టుకోగానే అరచెయ్యి చల్లబడిందండీ. నా బీపీ కూడా దిగినట్టుంది."

వరహాలరావుగారు ఒక దాన్లో మాట్లాడి, తరవాత రెండోదాన్లో మాట్లాడారు. "ఇందులో మాట స్పష్టంగా ఉందమ్మా. పాతదాంట్లో మా బావమరిది గొంతు బొంగురుగా వచ్చేది."

"మీ బావమరిది గొంతే బొంగురు కదండీ?"

"దీంట్లో తగ్గిందమ్మా. అదే కదా నేననేది."

ఒకాయనకు బరువు తగ్గింది. ఒకావిడకు వేలు జారడం మానింది. ఇంకొకాయన వాసన చూసి, "పాతదానికి ఈ పరిమళం లేదు," అన్నాడు. చెప్పేవాళ్లు చెబుతుంటే నాకు లోపల ఒక దుర్మార్గపు సంతోషం. కానివ్వండి, ఇంకా చెప్పండి అనుకున్నాను. అందరిదీ అయ్యాక లేచి రెండు తొడుగులూ విప్పి, రెండూ ఒక్కలాంటి పోయిన ఏటి పలకలేనని చూపించాను.

టీ గ్లాసులు పెదవుల దగ్గరే ఆగిపోయాయి. నేను గెలిచాననుకున్నాను.

ముందు తేరుకున్నది కాంతంగారు. "ఓరి నాయనో! పాతదే ఇంత బాగుంటే, కొత్తది ఇంకెంత బాగుంటదో!"

"అదీ మాట!" అన్నారు వరహాలరావుగారు. హాలంతా చప్పట్లు.

చక్రధర్‌గారు నన్ను పక్కకు పిలిచారు. ఆయన ముఖంలో నిజమైన మెచ్చుకోలు. "అద్భుతం మేడమ్. మనిషికి తెలిసే తేడా ఉండాలనే కదా నిబంధన. పలకలో తేడా లేకపోయినా మనిషికి తెలుస్తుందని మీరు రుజువు చేసేశారు. ఇక మనకు ఎదురేముంది?"

ఆయన్ని తిట్టాలనిపించింది. కానీ లేని ఆ వెచ్చని తెలుపును చూసింది నా కళ్లే కదా.

"మీరు చెయ్యకపోతే మీ బదులు కొండవాడలో ఉన్న తేడా ఆఫీసరు చేస్తారు. ఎందుకొచ్చిన గొడవ?" అన్నారు.

వెనక బల్ల వైపు చూశాను. వదిన నన్ను చూడటం లేదు. నేను బల్లమీద విప్పి పెట్టిన ఆ ఖాళీ తొడుగునే కన్నార్పకుండా చూస్తోంది. తరవాత నా వైపు చూసి కనుబొమ ఎగరేసింది. రేవులో బేరం తెగే ముందు ఎగరేసేది, అచ్చం అలాగే.

సంతకం చేశాను.


నమోదు 6. మార్పిడికి ముందు రోజు

మా ఆఫీసు బీరువాలో గడిచిన ఏళ్ల ప్రదర్శన బొమ్మలుంటాయి. పైకి పలకలే, లోపల ఏమీ ఉండదు. వాటిలోంచి ఇరవై రెండోదాన్ని చీర మడతలో పెట్టుకుని తెచ్చేశాను. దొంగతనమే. ఎవరికైనా తెలిస్తే నా ఉద్యోగం పోతుంది, ఇంటి తలుపు మూతపడుతుంది. ముప్పై నాలుగు తొడుగు ఎలాగూ నా దగ్గరే ఉంది.

రేపు గోతాంలో పడేది ఆ బొమ్మ. వదిన అసలు పలక కొత్త తొడుగులో మెడలో ఉంటుంది. కౌంటరులో ఇచ్చే నిజమైన కొత్త పలక తలుపుకీ పంపుకీ చూపించడానికి ఆవిడ రొంటి సంచిలో పడి ఉంటుంది. దాని పనికి అంతకంటే మంచి చోటు నాకు తోచలేదు.

ఒకటే చిక్కు. ఇరవై రెండు లావు. తొడుగులో పట్టదు. తొడుగు లోపలి అంచుల్ని వదిన చేపల కత్తిపీట మీద పెట్టి, పొలుసు తీసినంత తేలిగ్గా చెక్కేసింది. నేను జిగురు పూశాను. అయినా పక్కలు ఉబ్బి, మింగకూడనిదేదో మింగిన కప్పలా ఉంది. చేత్తో పట్టుకుంటే కొత్తదానికి రెట్టింపు బరువు.

"ఇది గుడ్డివాడికి కూడా తెలిసిపోతుంది వదినా."

"గుడ్డోడైతే తెలుస్తాదే. మనోళ్లకి కళ్లున్నాయి కదా, ఫర్వాలేదు."

"రేపు వేదిక మీద మాత్రం ఒక్క మాట, మర్యాదగా చెప్పి దిగిపో. ఆ లిఫ్టు అమ్మాయిలా."

"సూద్దాం," అంది. ఆ సూద్దాం నాకు నచ్చలేదు.


నమోదు 7. మార్పిడి పండుగ

గోతాం దగ్గరి మనిషి వదిన చేతిలోంచి బొమ్మను తీసుకుని, చూడకుండానే లోపలికి విసిరాడు. లోపల అది ఎండు కొబ్బరిచిప్పలా చప్పుడు చేసింది. అతను అప్పటికే వెనకవాళ్ల పలక కోసం చెయ్యి చాపాడు. పాతదాన్ని ఎవరూ చూడరు. పన్నెండేళ్లు మాట్లాడిన పలకైనా సరే.

వదిన కౌంటరులో కొత్తది తీసుకుని, నా వెనక నిలబడి రొంటిలో దోపుకుని, ఉబ్బిన కప్పలాంటి తన పాతదాన్ని మెడలో వేసుకుంది. వేదిక మెట్ల దగ్గర కాంతంగారు ఆపేశారు.

"ఏదీ, ఓసారి చూడనీ నూకరత్నంగారూ!" అని చనువుగా దాన్ని అరచేతిలోకి తీసుకున్నారు. చెయ్యి బరువుకు ఒక్క జానెడు కిందికి దిగింది. నా కళ్లారా చూశాను, దిగింది. "అమ్మో, ఎంత తేలికో! పువ్వులా ఉంది!"

వేదిక మీద చక్రధర్‌గారు మైకు అందుకున్నారు. "మన వాడలో మాట సాయం అందుకుంటున్న తొలి మహిళ! అమ్మా, మీకు తెలిసిన తేడా ఒకటి చెప్పండి."

వదిన పలకను పైకెత్తి పట్టుకుంది. నా వైపు చూసింది. నేను కళ్లతో బతిమాలాను. పెదవులు కదిలాయి.

"తేడానా? ఏం తేడా లేదు. నిన్న ఎంత ఎదవలో ఇవాళా అంతే ఎదవలు. ఇదిగో ఈ చక్రధరం, నవ్వుతా గొంతు కోస్తాడు. అదిగో వరహాలరావు, పంపుకి మొగుడు. రండి, పాట ఎత్తుకుంటన్నాను. బుట్టెడు బుర్రలు, ఒక్కసారి కూడా వాడనివి, కొత్తయ్యి! ఎవడు కొంటాడు? రూపాయి! ఎవడూ లేడా? అర్ధరూపాయి!"

రేవు పాట. అదే గొంతు. అదే వెక్కిరింపు. వాడలో ఆ గొంతును ఎరగనివాళ్లు లేరు. రోజూ పంపు దగ్గర తిట్టించుకుంటున్న గొంతే. అయిపోయిందనుకున్నాను.

ముందు వరుసలోంచి ఒక్క గొంతు లేచింది. కాంతంగారిది.

"ఆహా!"

"ఆహా! అచ్చం నూకరత్నంగారి గొంతులాగే ఉందే!"

"కొత్త పలక అంటే మరి మాటలా?" అన్నారు వరహాలరావుగారు కళ్లు తుడుచుకుంటూ. "పాతది ఒట్టి నోటి దురుసు. దీంట్లో చూడండి, అభిమానం తెలుస్తోంది."

చక్రధర్‌గారు నా పక్కకు వచ్చి నిలబడ్డారు. ఆయన గొంతు నిజంగానే వణికింది. "మేడమ్, మీరు చెడు వైపుకి అని రాశారు. వినండి ఎంత సహజంగా ఉందో. ఇప్పటికైనా ఒప్పుకుంటారా?"

"ఒప్పుకుంటున్నానండీ," అన్నాను. "ఇంత బాగుంటుందనుకోలేదు."


నమోదు 8. నీళ్ల వంతు రోజు

పొద్దున పంపు దగ్గర వరుస. వరహాలరావుగారి బిందె నిండి పొర్లుతోంది.

"ఏవండీ, ఇవాళ తలంటు కూడా పోయిస్తారా దానికి?" అంది వదిన మెడలోని ముప్పై నాలుగో పలక.

ఆయన మురిసిపోయి బిందె పక్కకు జరిపారు. "ఎంత ముద్దుగా పలుకుతోందండీ! మాది ఇంత బాగా పలకదు. మీకు మంచిది పడింది."

వదిన నా వైపు తిరిగింది. "తిట్టినా దండం పెడతన్నాడే! ఈ తొడుగేదో ఎప్పుడో ఏసుకోవాల్సింది."

నవ్వుకున్నాం. ఇన్నేళ్లుగా వీళ్లను చూసి అసహ్యించుకున్నాను. ఇవాళ వీళ్ల తెలివితక్కువతనం మీద మా ఇంటి గొంతు నిలబడి ఉంది. అసహ్యం మాత్రం తగ్గలేదు. కృతజ్ఞత దాని పక్కన వచ్చి కూర్చుంది, అంతే. రెండింటికీ ఒకదానితో ఒకటి పొసగడం లేదు.

నా వంతు వచ్చింది. బిందె పెట్టి, నా కొత్త పలకను పంపుకు చూపించాను.

నీళ్లు పోయిన ఏటికంటే కాస్త త్వరగా వచ్చినట్టనిపించింది.